ఒంటికాలి మీద నిలిచిన పిట్టలు

నా చిన్నప్పుడు మా అమ్మ తన చేతులను పైటచెంగు కింద దాచుకుని తిరిగిన శరదృతువు ఒకటి ఉంది. యుద్ధం రంగూన్‌కు చేరిన తరువాత వచ్చిన మొదటి దసరా అది. మా నాన్న అక్కడ ఒక బియ్యం మిల్లులో ఇంజను చూసే పని చేసేవారు. ఆ ఊరు విడిచి కాలినడకన బయలుదేరినవాళ్ళలో కొందరు వేసవిలోనే అనకాపల్లి చేరుకున్నారు. మా నాన్న చేరలేదు, ఆయన దగ్గరనుంచి ఉత్తరమూ రాలేదు. ఏటా పండుగకు మలారం మోసుకుని మా వీధికి వచ్చే గాజుల సాయిబు ఆ ఏడు మా గుమ్మం దాకా వచ్చి కేక ఆపేశాడు. తల దించుకుని నడిచి, అవతలి ఇల్లు చేరాక మళ్ళీ కేక వేశాడు. అతను మా మీద జాలితోనే అలా చేశాడు. కాని మా అమ్మ చేతులు దాచుకోవడం ఆ రోజునుంచే మొదలైంది.

అమ్మా నేనూ అప్పుడు మా తాతయ్య ఇంట్లో, అంటే అమ్మ పుట్టింట్లో ఉన్నాం. నాన్నకు అన్నగారైన మా పెదనాన్న వారం వారం తుమ్మపాలనుంచి వచ్చి కూర్చునేవారు. కూర్చోవడమని పేరే గాని, లేస్తూ, వాకిట్లోకి వెళుతూ, మళ్ళీ వస్తూ ఉండేవారు. నాన్నతో కలిసి బయలుదేరిన కశింకోట మనిషి ఒకాయనను వెతికి పట్టుకుని మా ఇంటికి తీసుకువచ్చింది కూడా ఆయనే. "కొండల్లో ఏరొకటి దాటినాము బాబూ. ఆ ఏరు దాటినాక నేనతన్ని మళ్ళీ సూళ్ళేదు," అన్నాడు ఆ మనిషి. అంతకుమించి ఏమీ అనలేదు. పెదనాన్నకు మాత్రం అది చాలింది. దీపావళి అమావాస్య దాటగానే దర్భలతో బొమ్మ చేసి తమ్ముడికి కర్మ జరిపించాలని నిశ్చయించారు. ఆయన కఠినుడు కాడు. ఎటూ తేలకుండా ఉండడమే ఆయనకు భరించరానిదైంది. కర్మ జరిగితే అమ్మ గాజులు తీసేస్తారని నాకు ఎవరూ చెప్పలేదు. అయినా తెలుసు.

మా తాతయ్య సముద్రం ఒడ్డున ఉప్పు మళ్ళ మీద చాలాకాలం ఉద్యోగం చేసినవారు. ఉద్యోగం పోయినా ఒక అలవాటు మిగిలింది. వానలు వెనకపట్టగానే బండి కట్టించుకుని, గెడ్డ వాగు సముద్రంలో కలిసే చోటికి వెళ్ళి, వలస వచ్చిన పిట్టలను చూసి వచ్చేవారు. ఊహ తెలిసినప్పటినుంచీ నన్నూ తీసుకెళ్ళేవారు. ఆ పిట్టల్లో పొడవైన ముక్కు కొడవలిలా కిందికి వంగి, గోధుమరంగు ఒంటిమీద చారలున్న పెద్దది ఒకటుంది. ఆ జాతిలో ఒక కుంటిది ఏటా వచ్చేది. దాని ఎడమకాలు మోకాటి దగ్గర తెగిపోయి ఉండేది. మిగిలినవి బురదలో నడుస్తుంటే అది గెంతుతూ, రెక్క కొద్దిగా విప్పి తూకం నిలుపుకుంటూ మేసేది. పిట్టలు రంగూన్ వైపునుంచే వస్తాయని నేను అనుకునేదాన్ని. కుంటిది ఈ ఏడు కూడా వస్తే నాన్న వస్తారని మనసులో ఒప్పందం చేసుకున్నాను. అది తాతయ్యకు చెప్పలేదు. కాని దీపావళి దగ్గరపడుతున్నకొద్దీ, ఎప్పుడు వెళదాం, ఎప్పుడు వెళదాం అని నేను కాళ్ళకు చుట్టుకుని తిరుగుతుంటే ఆయన గ్రహించే ఉంటారు.

మేము చేరేసరికి సముద్రం నిండు పోటు మీద ఉంది. మేత మేసే బురదంతా నీటి కింద ఉంది. పిట్టలన్నీ మిగిలిన ఒక్క ఇసుక దిబ్బ మీద గుంపుగా, గాలికి ఎదురుగా నిలబడి ఉన్నాయి. పోటు సమయానికే చేరేలా తాతయ్య బండి కట్టించారని నాకు చాలాకాలానికి గాని తట్టలేదు. వలలు ఆరవేస్తున్న ఒక ముసలామె మమ్మల్ని చూసి నవ్వింది. "ఏటి బాబూ, మళ్ళీ వచ్చేరా? కూరొండుకోడానికి గాకపోతే పిట్టల్ని సూడ్డమేటి?"

"కూరొండితే మరుసటేడు ఎవుల్ని సూడాలే?" అన్నారు తాతయ్య.

ఆయన గొడుగు కింద కూర్చున్నారు. నేను కూర్చోలేకపోయాను. కొడవలి ముక్కు పిట్టలు దిబ్బకు ఒక చివరన ఉన్నాయి. ముక్కులు వీపు ఈకల్లో దూర్చుకుని నిద్రపోతున్నాయి. వాటిలో గట్టువైపు నిలిచినదానికి ఒకే కాలు ఉంది. దాన్ని వేలితో చూపించాను. "వచ్చింది తాతయ్యా! మన కుంటిది వచ్చింది!"

"ఏదే అమ్మలూ? దాని పక్కన దాన్ని కూడా సూడు."

దానికీ ఒకటే కాలు. దాని వెనకదానికీ అంతే. గుంపు గుంపంతా ఒంటికాలి మీద ఉంది. ఏడుపు వచ్చింది. నేను చూపించినదే కుంటిదని మొండిగా అన్నాను. ఆయన కాదనలేదు. "పాటు తియ్యనీ," అన్నారు. పాటంటే సముద్రం వెనక్కి తీయడం. మధ్యలో రెండుసార్లు గుంపువైపు పరిగెత్తబోయాను, లేపేస్తే తెలిసిపోతుందని. రెండుసార్లూ నా జడ ఆయన చేతిలోనే ఉంది.

నీరు తగ్గింది. తడి బురద అంచు బయటపడింది. పిట్టలు ఒక్కొక్కటే ముక్కులు తీసుకున్నాయి. నేను చూపించిన పిట్ట ఒళ్ళు విదిలించుకుని, పొట్ట ఈకల్లోనుంచి రెండో కాలు తీసి, కింద పెట్టి, తాపీగా నడిచి వెళ్ళింది. తరువాత అన్నీ అలాగే వెళ్ళాయి. గెంతింది ఒక్కటీ లేదు.

"కుంటిది లేదు తాతయ్యా," అన్నాను. "సచ్చిపోయింది."

"నువ్వు సూసేవా, సచ్చిపోడం?"

"లేదు."

"మరి?" ఆయన చేయి చాచి ఒడ్డు పొడవునా చూపించారు. అలల తుంపరలో అది ఎక్కడికో కనిపించకుండా పోతోంది. "ఇలాటి దిబ్బలు ఆ కొసన ఎన్నో, ఈ కొసన ఎన్నో. మనం సూసింది ఒక్క దిబ్బ, ఒక్క పూట. సూళ్ళేదు అను. లేదనకు. రెండూ ఒకటి కాదు."

"అయితే ఉందా?"

"అదీ అనకు."

ఉందని అనవద్దంటే నాకు కోపం వచ్చింది. బండిలో తిరిగి వస్తున్నంతసేపూ ఆయనతో మాట్లాడలేదు. ఉండడానికీ లేకపోవడానికీ నడుమ నిలవడానికి చోటు ఉంటుందని, అక్కడ ఒంటికాలి మీదయినా నిలబడక తప్పదని అంత చిన్న వయసులో ఎవరు ఒప్పుకుంటారు?

ఇల్లు చేరేసరికి పెదనాన్న వచ్చి ఉన్నారు. పురోహితుడితో మాట్లాడి వచ్చానన్నారు. "ఎటూ తేలకుండా ఎన్నాళ్ళుంటాం మావయ్యా? ఆడికి నీళ్ళొదలాలి గదా," అన్నారు. తాతయ్య కాళ్ళు కడుక్కుంటున్నారు. అమ్మ మజ్జిగ గ్లాసు తెచ్చి, చేయి కనపడకుండా చెంగుతో పట్టుకుని, గుమ్మం దగ్గర ఆగిపోయింది. నా నోట మాట ఎలా వచ్చిందో నాకు తెలియదు.

"కశింకోట మావయ్య సూళ్ళేదన్నాడు పెదనాన్నా. లేడన్లేదు."

పెద్దల మధ్య ఆడపిల్ల నోరెత్తినందుకు దెబ్బ పడుతుందనుకున్నాను. పెదనాన్న నావైపు తిరిగారు. ఆ రోజు ఆయన కాసేపు కదలకుండా కూర్చోవడం చూశాను. "మరెన్నాళ్ళు మావయ్యా?" అన్నారు చివరికి.

"తెలిసీదాకా," అన్నారు తాతయ్య.

అమ్మ ముందుకు వచ్చి చెంగు వదిలేసి చేయి చాచి గ్లాసు అందించింది. గాజులు గ్లాసుకు తగిలి చప్పుడయ్యాయి. పెదనాన్న మజ్జిగ తాగారు. కర్మ మాట మళ్ళీ ఎత్తలేదు. గాజుల సాయిబు మరోసారి వీధిలోకి వచ్చినప్పుడు అమ్మే అరుగు మీదికి వచ్చి అతన్ని పిలిచింది. అతను మలారం దించి, ఆమె ముఖంవైపు చూడకుండా, "ఏ రంగు బేటీ?" అని మాత్రం అడిగాడు.

మా నాన్న రాలేదు. ఇంతకుమించి రాయడానికి నా దగ్గర ఆధారం లేదు. కుంటి పిట్టను నేను మళ్ళీ చూడలేదు. అమ్మ ఏటా గాజులు వేయించుకుంది. ఆ సాయిబు తరువాత అతని కొడుకు తొడిగాడు. చివరి ప్రయాణంలోనూ ఆమె చేతులకు గాజులు ఉన్నాయి. ఆ నిరీక్షణ ఆమెకు తేలికైందని నేను అనను. రాత్రివేళ వీధిలో అడుగుల చప్పుడైతే ఆమె లేచి కూర్చోవడం నాకు తెలుసు.

నేను తరువాత ప్రయోగశాలలో నీటిని పరీక్షించే ఉద్యోగం చేశాను. వెతికిన పదార్థం దొరకనప్పుడు "లేదు" అని ఒక్కనాడూ రాయలేదు, "కనిపించలేదు" అనే రాశాను. అలా రాయడం మా వృత్తిలో నియమం. నాకు మాత్రం అది ఇసుక దిబ్బ మీద వచ్చిన చదువు.

ఇప్పుడు శరత్తులో నా మనవరాలు నన్ను సముద్రం దగ్గరకు తీసుకువెళుతుంది. దానికీ కాలు నిలవదు. పిట్టలన్నీ నిద్రపోతున్నాయి, ఇంకేం చూస్తాం, వెళదాం రా అంటుంది. నేను దాని జడ పట్టుకుంటాను.

"పాటు తియ్యనియ్యే అమ్మలూ," అంటాను.