చివరి గడిలో రాసిన మాట

ఐస్ హాకీ గురించి నాకంటే ఎక్కువ తెలిసిన తెలుగువాడు అమెరికాలో మేముండే నోవై ఊళ్లో లేడని కొన్నేళ్లపాటు గట్టిగా నమ్మాను. స్కేట్స్ కట్టుకుని ఐసు మీద రెండడుగులు వేయడం నాకు ఈ రోజుకీ రాదు. అయినా నమ్మాను.

కారు డోర్ లాచ్‌లు ఎన్ని వేలసార్లు వేసి తీస్తే విరుగుతాయో చూడడం నా ఉద్యోగం. మాంద్యం తర్వాత కార్ల కంపెనీలు మెల్లగా తేరుకుంటున్న రోజులవి. లేఆఫ్‌లు పోగా మిగిలినవాళ్లం లంచ్ రూమ్‌లో ఫాంటసీ హాకీ లీగ్ ఒకటి పెట్టుకున్నాం. పెద్ద లీగ్‌లో ఆడే ఆటగాళ్లను ఎవరికి వారు ఏరుకుని కంప్యూటర్లో ఒక జట్టు కట్టుకోవాలి. వాళ్లు అక్కడ గోల్ కొట్టినా, పాస్ ఇచ్చినా, షాట్‌కి అడ్డం పడినా ఇక్కడ మనకి పాయింట్లు. పనికిరానివాణ్ని డ్రాప్ చేసి ఇంకొకణ్ని తెచ్చుకోవచ్చు. ఒక్క క్లిక్ చాలు. పోయినవాడికి ఆ సంగతి తెలియను కూడా తెలియదు.

అందరూ గోల్స్ కొట్టేవాళ్ల వెంట పడేవారు. నేను కుర్ర డిఫెన్స్‌మెన్ వెంట పడ్డాను, అంటే వెనక ఉండి కాపు కాసేవాళ్ల వెంట. ఇరవై ఏళ్ల డిఫెన్స్ కుర్రాళ్లలో రేపు ఎవడు అక్కరకొస్తాడో తేల్చడం ఆ గదిలో నా ఒక్కడికే చేతనయ్యేది. నల్లట్ట నోట్‌బుక్‌లో ఒక్కొక్కడికి ఒక పేజీ ఇచ్చాను. పైన జెర్సీ నంబరు. కింద ఎత్తు, బరువు, వెనక్కి స్కేటింగ్, మొదటి పాస్, అవతలివాళ్లు మీదికొస్తున్నప్పుడు పక్‌ని, అంటే ఆ రబ్బరు బిళ్లని, ఏం చేస్తాడు. అన్నిటికంటే కింద ఒక గడి: ఉంచాలా, వదలాలా. అంతా తెలుగులో రాసేవాణ్ని. లంచ్ రూమ్‌లో అందరికీ కనపడేలా నోట్‌బుక్ తెరిచిపెట్టి కాఫీకి వెళ్లేవాణ్ని. ఎవడూ చదవలేడు. ఆ దర్జా నాకు భలే నచ్చేది.

ఒక ఏడు ఎవరూ ముట్టని కుర్రాణ్ని తీసుకున్నాను. కెనడాలో గోధుమ పొలాల మధ్య ఏదో చిన్న ఊరివాడు. ఆరడుగుల మూడంగుళాలు. మొదటి సీజన్‌లో వాడు ఐసు మీద ఉండగా అవతలివాళ్లు కొట్టిన గోల్సే ఎక్కువ. రెండో సీజన్ మొదట్లోనే వాణ్ని కింది లీగ్‌కి పంపేశారు. లంచ్ రూమంతా నవ్వింది. నేను వదల్లేదు. వాడి పేజీలో ఇలా రాసుకున్నాను: ‘తప్పులు చేస్తున్నాడు కాని పక్‌కి భయపడడం లేదు. డిఫెన్స్ ఆడేవాళ్లు ఆలస్యంగా కుదురుకుంటారు. తొందరపడకూడదు. మూడేళ్లు ఇవ్వాలి.’

మా అబ్బాయీ డిఫెన్సే ఆడేవాడు. అప్పటికి పదమూడో ఏడు. పేరిచ్చిన ప్రతివాణ్నీ చేర్చుకునే లీగ్‌లో ఆడుతూ, ఏరి తీసుకునే ట్రావెల్ టీమ్ కోసం కలవరించేవాడు. దాని ట్రైఅవుట్స్ ఏప్రిల్‌లో. ఒకసారి వెళ్లి ఎంపిక కాలేదు. ఈసారి ఎలాగైనా కావాలని స్కూల్ నుంచి రాగానే గరాజ్‌లో గోడకేసి పక్ కొడుతూ ఉండేవాడు. అక్కడే పడేసిన పాత వాషింగ్ మెషీన్‌కి సొట్టలు పడ్డాయి.

నవంబర్‌లో థాంక్స్‌గివింగ్ సెలవుల వారంలో వాడి ఆట చూడ్డానికి వెళ్లాను. మిగతా నాన్నలు పిల్లల పేర్లు పెట్టి అరుస్తున్నారు. నేను అరవను, నోట్ చేసుకుంటాను. గోల్ వెనకాల ఇద్దరు మీదికొచ్చేసరికి మావాడు పక్‌ని చూడకుండా నెట్టేశాడు. అది నేరుగా అవతలివాడి కర్రకి అందింది, గోల్ అయిపోయింది. నాకు ఒళ్లు మండింది. నోట్‌బుక్‌లో కొత్త పేజీ తిప్పి పైన వాడి జెర్సీ నంబరు వేశాను. ‘ఎత్తు చాలదు, ఇంక ఎదగడు. వెనక్కి వెళ్లేటప్పుడు తడబాటు. భయపడి పక్ వదిలించుకుంటాడు. పెద్ద ఆటకి పనికిరాడు.’ చివరి గడిలో, ‘వదిలెయ్యవచ్చు.’

రాస్తున్నప్పుడు నాకు ఏ బాధా లేదు. ఉన్నదున్నట్టు రాశానని తృప్తిగా కూడా ఉంది. ఆ తృప్తి గుర్తొస్తే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

కొత్త సంవత్సరం రాగానే మావాడు తనంతట తానే తెలుగు క్లాస్‌లో చేరతానన్నాడు. ఆదివారాలు ఒక ఆంటీ తన బేస్‌మెంట్‌లో పిల్లలకి అక్షరాలు నేర్పేవారు. ఐదేళ్లుగా బతిమాలినా, బెదిరించినా ఆ గడప తొక్కనివాడు, ఇప్పుడు ఒక్క వారం మానడు. ఆంటీ ఫోన్ చేశారు. “మీవాడు గుణింతాలు అయిపోగొట్టాడండీ. ఒత్తులు ఎప్పుడు చెప్తారని నా ప్రాణం తీస్తున్నాడు” అన్నారు. నేను పొంగిపోయాను. ఎవరింటికి భోజనానికి వెళ్లినా అదే చెప్పాను. మన పెంపకం అన్నాను, సిగ్గు లేకుండా.

ట్రైఅవుట్స్‌కి ముందు శనివారం మధ్యాహ్నం ఇండియన్ స్టోర్ నుంచి సంచులతో ఇంట్లోకి వచ్చాను. కిచెన్ టేబుల్ మీద నా నోట్‌బుక్ తెరిచి ఉంది. మావాడు అక్షరాల కింద వేలు పెట్టి చదువుతున్నాడు. అమెరికా యాసలో, ఒక్కొక్క అక్షరం పట్టుకుని.

“వ... ది... లె... య్య... వ... చ్చు.”

సంచులు కింద పెట్టాలని కూడా నాకు తోచలేదు. తడబాటు అంటే వాడికి తెలియదు. పనికిరాడు కూడా సరిగ్గా తెలియదేమో. కాని వదిలెయ్ అన్న మాట పుట్టినప్పటి నుంచీ వింటున్నాడు. స్కూల్లో ఎవరో ఏడిపించారని వచ్చినా, పెన్సిల్ పోయిందని వచ్చినా వాళ్లమ్మ అనేది అదే, వదిలెయ్ రా అని.

“వదిలెయ్ అంటే డ్రాప్ కదా, నాన్నా?”

అది ఆఫీస్ ఆట కోసం రాసుకున్నదని, నువ్వు పట్టించుకోకని ఏదో గొణిగాను. వాడు పేజీలు వెనక్కి తిప్పి కెనడా కుర్రాడి పేజీ దగ్గర ఆగాడు. దాన్నీ చదివాడన్నమాట. ఎన్నాళ్లు పట్టిందో.

“వీడికి త్రీ యియర్స్ ఇచ్చావు” అన్నాడు.

వాడు నోట్‌బుక్ మూసి నా వైపు జరిపాడు. “పైన నా నంబర్ చూశాను. నాక్కూడా పేజ్ పెట్టావని... గుడ్ థింగ్స్ రాసుంటావ్ అనుకున్నా. అందుకే క్లాస్‌కి వెళ్లా.”

అప్పుడైనా వాణ్ని దగ్గరికి తీసుకుని ఉండాల్సింది. తప్పయిపోయిందిరా అని ఉండాల్సింది. నా నోట్లోంచి వచ్చింది, “నేను చూసింది రాశాను” అని. లాచ్ విరిగితే రిపోర్ట్‌లో విరిగిందని రాసే మనిషిని మరి. వాడు తలూపి లేచి వెళ్లిపోయాడు.

ట్రైఅవుట్స్ రోజు కారు స్టార్ట్ చేసి హారన్ కొట్టాను. రాలేదు. లోపలికెళ్లి కేకలేశాను. అప్పటిదాకా మాట్లాడని మా ఆవిడ, “ఇంక చాలు, వాణ్ని వదిలెయ్” అంది నాతో. హాకీ బ్యాగ్ గరాజ్‌లో చెమట వాసన కొడుతూ రెండేళ్లు పడి ఉంది. తర్వాత ఎవరికో ఇచ్చేశాం.

కెనడా కుర్రాడు మూడో సీజన్‌లో కుదురుకున్నాడు. వారం వారం పాయింట్ల మీద పాయింట్లు తెచ్చాడు. లీగ్ నేనే గెలిచాను. చెక్క ముక్కకి పక్ అతికించి, ట్రోఫీ అని నా డెస్క్ మీద పెట్టారు. ముందే ఎలా కనిపెట్టావని అడిగితే ఓపిక ఉండాలన్నాను. పదిహేడో ఏడు వచ్చేసరికి మావాడు నాకంటే జానెడు పొడుగయ్యాడు. ఎత్తు విషయంలో కూడా తప్పే రాశాను.

ఆ ఏప్రిల్ తర్వాత వాడు తెలుగు క్లాస్‌కీ వెళ్లలేదు. ఇంత బాగా నేర్చుకునే పిల్లాడు ఎందుకు మానేశాడండీ అని ఆంటీ ఫోన్ చేశారు. హాకీ ప్రాక్టీస్‌తో తీరిక దొరకడం లేదని అబద్ధం చెప్పాను. ఇప్పుడు వాడికి అక్షరాలు కూడా గుర్తులేవు. తెలుగులో వాడు తనంతట తాను చివరిదాకా చదివినవి రెండే పేజీలు. రెండూ నేను రాసినవే.