కరుణను పంపే ముందు బ్యాటరీల యార్డు చూశాను

నాకు చదువు అంతంతమాత్రం, ఇది చెప్పి రాయిస్తున్నాను. నా బిడ్డ కరుణకు గోదావరిఖని అవతల బ్యాటరీల యార్డులో ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. "నువ్వు సరే అంటేనే పోత అమ్మా" అంది. చూడకుండా సరే ఎట్లా అంటాను? శనివారం ఇద్దరం బయలుదేరాం.

ఉదయం ఏడింటికి బెల్లంపల్లిలో ప్యాసింజర్ ఎక్కాం. సీట్లు దొరికాయి. ఎదురుగా కూర్చున్న ముసలాయన బొగ్గు బాయిలో పనిచేసి రిటైరయ్యాడట. సంగతి విని నవ్వాడు.

"ఎండ కరెంటును డబ్బాలల్ల దాస్తరా? మామిడికాయ తొక్కా చెల్లె, జాడిల పెట్టెతందుకు?"

"నువ్వు ఫోన్ల దాస్తలేవా కాక?" అంది కరుణ.

"గది పేలితే జేబు కాల్తది. మరి గిది పేలితే?"

ఆ మాట నన్ను దారంతా వదల్లేదు.

రామగుండంలో దిగి, షేర్ ఆటోలో గోదావరిఖనికి వచ్చి, ఇడ్లీ తిని, ఇంకో ఆటోలో పదిన్నరకు యార్డు చేరాం. బూడిద లేదు, మసి లేదు. లారీల మీద పోయే పెట్టెల్లాంటి తెల్ల డబ్బాలు వరుసలు వరుసలుగా ఉన్నాయి. లోపల ఫ్యాన్లు హోరుమంటున్నాయి. అంత శుభ్రం చూసేసరికి నాకు అనుమానం ఇంకా పెరిగింది.

ఇంజనీరు సారు ఓపికగానే చెప్పాడు. "పగలు సోలార్ కరెంటు నింపుకుంటది అవ్వా, పొద్దుగూకినంక ఊర్లకు ఇస్తది. బాయిల ల్యాంపు రూం తెల్సు గద? దీపాలన్ని చార్జింగుల ఉంటయి. గిది గసొంటిదే, పెద్దది."

ల్యాంపు రూం నాకు తెలియదా! బాయిలోకి దిగే ప్రతి మనిషికీ ఒక నంబరు దీపం ఇస్తారు. షిఫ్టు అయ్యాక దాని జాగా ఖాళీగా ఉందంటే ఆ మనిషి ఇంకా కిందే ఉన్నట్టు. బాయిలో కప్పు కూలిన రోజు, అక్కడ పనిచేసే మా ఆయన దీపం జాగా ఖాళీగా ఉండబట్టే వెతికారు.

"నా బిడ్డ ఈ డబ్బాల నడుమ చిక్కితే ఏ జాగ ఖాళీ అయితది సారూ?"

"గేటుకాడ పేర్లు రాస్తరవ్వా."

గేటు దగ్గర పుస్తకం తీసి కరుణ చదివింది. లోపలికి పోయినవాళ్ల సంతకాలున్నాయి. బయటికి వచ్చినట్టు ఒక్కరిదీ లేదు.

"ఇంటికి పోతప్పుడు ఎవ్వలు ఆగుతరవ్వా, అందరికి జల్దే" అన్నాడు వాచ్‌మన్.

మధ్యాహ్నం రెండింటి బండికి తిరుగు దారి పట్టాం. వద్దనే మాట నా నోటిదాకా వచ్చింది, మింగాను. ఆ కొలువు కోసం పిల్ల ఏడాది తిరిగింది. గోదావరి వంతెన మీద తనే ఫోన్ తీసి సారుకు చేసింది.

"సార్, లోపల ఎవరున్నరో తెలిసెటట్టు నంబర్ల బోర్డు పెట్టినంకనే చేరుత."

"ఏమన్నడే?" అన్నాను.

"'చూస్తం' అన్నడమ్మ."

దారి తేలికే, యార్డు శుభ్రమే, పిల్లల్ని పంపేవాళ్లుంటే మీరూ పోయి చూడండి. 'చూస్తం' అన్న మాట మీద మాత్రం నేను బిడ్డను పంపను. సోమవారం ఇద్దరం వెళ్తాం. బోర్డు నా కళ్లకు కనబడితేనే కరుణ ఆ గేటు దాటుతుంది.