తట్టే చెయ్యి

పిల్లాడు పుట్టిన దగ్గర్నుంచీ టైలరమ్మ చెయ్యి ఊరుకోదు. కత్తిరించిన గుడ్డను జోకొడుతుంది, ఇస్త్రీ చేసిన ప్యాంటును జోకొడుతుంది. నిలబడితే చాలు, ఒళ్లు దానంతటదే ఊగుతుంది. కళ్ల కింద నలుపు, జుట్టులో దారప్పోగులు. మొగుడు మాత్రం నవనవలాడుతున్నాడు. ఆఫీసుకు వెళ్లేముందు బిడ్డను భుజాన వేసుకుని ఒక్క చుట్టు తిరిగొస్తాడు, "ఎంత మంచి నాన్నో!" అని వీధంతా మురిసిపోతుంది.

ఇవాళ ఆ చుట్టు ముగించి అతను కొట్లోకి వచ్చేసరికి, ఆమె ఓ భారీ పెద్దాయనకు కోటు కొలతలు తీస్తోంది. ఆయనకు ముక్కు మీదే కోపం. "తండ్రినయ్యాక మహా హాయిగా ఉందండీ, నిద్ర కూడా బాగా పడుతోంది" అని మొగుడు ఆయనతో చెబుతుండగానే, ఆమె చెయ్యి అలవాటు కొద్దీ ఆ పెద్దాయన వీపు మీద మెల్లగా తట్టింది. ఆయన కొట్టు దద్దరిల్లేలా త్రేన్చాడు. "మా నాన్నే, మా బంగారమే!" అనేసి ఆమె నాలిక కరుచుకుంది. "పొద్దుటి నుంచీ గ్యాసు పట్టేసిందమ్మా, ఇంకో రెండు తట్టు" అన్నాడాయన, కళ్లు మూసుకుని. తట్టింది. మొగుడి భుజం మీద పిల్లాడు అప్పటికే నిద్రలో ఉన్నాడు. "అందరూ హాయిగానే ఉన్నారుగా, ఇక నా వంతు కానివ్వండి" అంటూ ఆమె మొగుడికి వీపు తిప్పింది. అతను బిత్తరపోయి రెండే రెండు తట్లు తట్టాడు. టైలరమ్మ మెడలో టేపుతో నిలబడే నిద్రపోయింది.