రెండు కుండల కంద

నా చిన్నప్పుడు మా ఇంటికి కూరగాయలు వాటంతట అవే నడిచొచ్చేవి. ఇల్లందు గనుల దగ్గరి మా కాలనీకి అడవి అంచు పల్లె నుంచి ప్రతి సోమవారం ఒకామె నెత్తిన గంప పెట్టుకుని వచ్చేది. పిల్లలం, పెద్దలం అందరం ఆమెను గంపమ్మ అనేవాళ్లం. ఏం కావాలని ఆమె అడిగేది కాదు, ఫలానాది తెమ్మని మేమూ చెప్పేవాళ్లం కాదు. వానల్లో బోడకాకర, చలిలో చిక్కుడు, ఎండలు మొదలైతే చింతచిగురు. ఆమె చేను, ఆమె అడవి ఆ వారం ఏమిస్తే మా పొయ్యి మీద అదే ఉడికేది. మా వాటా, పక్కింటి వాటా రెండూ మా అరుగు మీదే దించిపోయేది. పక్కింటి మూట మోసుకెళ్లి ఇవ్వడం నా పని.

ఒక సోమవారం రెండు మూటల్లోనూ అడవి కంద వచ్చింది. దాని మీద టేకు ఆకులో చుట్టిన చింతచిగురు. గంపమ్మ నా గడ్డం పట్టుకుని, "బిడ్డా, గీ చిగురు ఏసే ఉడకబెట్టాలె. లేకుంటే గొంతంత దురద పెడ్తది. ఆళ్లకు మరువకుంట చెప్పు" అంది.

నేను మరిచిపోలేదు. అంతకంటే పెద్ద తప్పు చేశాను. కాలనీ గోడ నీడలో కూర్చుని, గుప్పెట్లో ఉప్పు పెట్టుకుని, ఆ చిగురంతా తినేశాను. కందగడ్డ ఒక్కటే పక్కింటి అక్కకు ఇచ్చాను. చిగురు సంగతి చెబితే చిగురేదని అడుగుతుంది కాబట్టి అదీ చెప్పలేదు.

సాయంత్రానికి పక్కింట్లో ఏడుపులు. అక్క కొడుకు పెదవులు ఉబ్బిపోయాయి. అక్కకూ ఆమె అత్తకూ గొంతులు మండుతున్నాయి. మర్నాటికి అందరూ కోలుకున్నారు, కానీ మాటలు మాత్రం ఆగలేదు. అంతకు ముందు వారమే ఆ అత్తగారు దోసకాయలు చేదని గంపమ్మ ముఖాన విసిరికొట్టింది. ఇప్పుడు ఆ సంగతి పైకి తీసింది. "గందుకే కక్ష గట్టింది. మందు పెట్టింది నా మనుమనికి. అడివోళ్లకు చేతబడి రాదా ఏంది?" అంది. బుధవారానికల్లా కాలనీ అంతా ఆ మాటే. వచ్చే సోమవారం ఆమె రాగానే కరెంటు స్తంభానికి కట్టేయాలని మగవాళ్లు తీర్మానించారు. తాడు కూడా తెచ్చిపెట్టారు. ఆ తాడు ఎవరి వసారాలో వేలాడిందో నాకిప్పటికీ గుర్తే.

ఆ వారమంతా నాలో ఒకటే లెక్క. నిజం చెబితే దెబ్బలు. చెప్పకపోతే గంపమ్మకు తాడు. ఏది పెద్దదో నాకు తెలుసు. తెలిసీ నోరు విప్పలేదు.

మా నాయనమ్మ ప్రతి ఆదివారం చర్చికి పోయే మనిషి. హేతువాదం అన్న మాటే ఆమె వినలేదు. సోమవారం పొద్దున్నే రెండు కుండలు నల్లా దగ్గరికి మోసుకుపోయి, రాళ్లతో పొయ్యి పేర్చి మంట పెట్టింది. మా వాటాలో మిగిలిన కంద ముక్కలు కోసి రెంటిలోనూ వేసింది. ఒకదాంట్లో మా మూటలో వచ్చిన చింతచిగురు వేసింది, రెండోదాంట్లో వేయలేదు. బిందెలు పట్టుకుని ఆడవాళ్లు మూగారు.

"గీ గడ్డే మేమూ తిన్నం. మాకెందుకు ఏం గాలే?" అని అడిగింది నాయనమ్మ.

"నీకేంది పెద్దమ్మా, ప్రార్థన కాపాడ్తది" అంది అత్తగారు.

"ప్రార్థన గొంతు దురదను ఆపితే దగ్గుమందుకు దవాఖానాకు ఎందుకు పోత? దేవుడు ఏరే, దురద ఏరే."

ముక్కలు ఉడికాక నాయనమ్మ చిగురు వేసిన కుండలోంచి తిని కాసేపు కూర్చుంది. ఏమీ కాలేదు. తర్వాత రెండో కుండలోంచి నాలుగు ముక్కలు నమిలింది. చూస్తుండగానే ఆమె పెదవులు ఉబ్బాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ ఉబ్బిన నోటితోనే, "గంపమ్మ ఇయ్యాల ఇంకా కాలనీలకే రాలే. మరి నాకెవ్వరు మందు పెట్టిండ్రు?" అంది.

తర్వాత పక్కింటి అక్క వైపు తిరిగి, "మీరు చిగురెందుకు ఎయ్యలే?" అని అడిగింది.

"ఏం చిగురు పెద్దమ్మా?"

అప్పుడు నాకు ఏడుపు తన్నుకొచ్చింది. "నేనే తిన్న" అన్నాను. అత్తగారు, "ఓసి నీ కడుపు గాల! ఎంత పని జేసినవే పోరీ!" అని చెయ్యెత్తి, ఎందుకో నవ్వేసింది. ఆ నవ్వు అందరికీ అంటుకుంది. గుండె మీద నుంచి బండ దొర్లిపోయినట్టు నేను ఏడుస్తూనే ఊపిరి పీల్చుకున్నాను. తాడు తెచ్చినాయన దాన్ని బావికి కావాలంటూ పట్టుకుపోయాడు.

గంపమ్మ వచ్చేసరికి పొయ్యి చల్లారింది. నాయనమ్మ మూతి చూసి గాబరాపడి, "ఏమైందమ్మా?" అంది. "నీ కంద తోటి కొట్లాడిన" అంది నాయనమ్మ. అత్తగారు క్షమించమనలేదు, అలాంటి మనిషి కాదు. గంపమ్మకు చెంబెడు మజ్జిగ ఇచ్చి, "గీ వారం ఏం తెచ్చినవ్? ఎట్ల వండాలె?" అని అడిగింది. ఆమె నోట ఆ ప్రశ్న అంతకు ముందెన్నడూ వినలేదు.

తర్వాత నేను ఎన్నో ఊళ్లలో చేతబడి మీద గొంతు చించుకుని వాదించాను. నన్నిలా చేసిన పుస్తకం ఏదని అడిగితే రెండు కుండలంటాను. మంత్రాలకు చింతకాయలు రాలవు అనడం సులువే. కుండ కింద మంట పెట్టి, ఆ ముక్క తన నోట్లో పెట్టుకుని చూపించడం కష్టం. ఇంకొకటి కూడా నేర్చుకున్నాను. ఆ మూఢనమ్మకానికి సగం బలం నా మౌనమే ఇచ్చింది.

ఇప్పుడు ఖమ్మంలో మా అపార్టుమెంటుకు ప్రతి ఆదివారం వైరా వైపు రైతుల దగ్గర నుంచి కూరగాయల పెట్టె వస్తుంది. ఇక్కడా ఎంపిక మనది కాదు, కాలానిదే. లోపల ఏది ఎలా వండాలో రాసిన చీటీ ఉంటుంది. చివరి అక్షరం దాకా చదువుతాను. ఎదురింటి దంపతులు ఊళ్లో లేకపోతే వాళ్ల పెట్టె నా దగ్గరే దించుతారు. మొన్న అందులో కంద, దాని పక్కన చింతచిగురు కట్ట. సాయంత్రం వాళ్లు రాగానే తీసుకెళ్లి ఇచ్చి, ఈ రెండూ కలిపే వండాలని రెండుసార్లు చెప్పాను. చీటీలో ఉంది కదా ఆంటీ అని ఆ అమ్మాయి నవ్వింది.

ఉంది. అయినా చెప్పాను. కట్టలోంచి ఒక్క రెమ్మ కూడా తుంచలేదు.