గేటు దగ్గరి ఊదా డొప్ప

మొక్కలతో నాకే పేచీ లేదు. మొక్కల గురించి మాట్లాడే మనుషులంటేనే రోత. పదకొండేళ్లు ఆ నర్సరీలో బిల్లుల బల్ల దగ్గర కూర్చున్నాను. చేపల ఎరువు కంపు, నిలవ నీళ్ల కంపు, కుళ్లిన ఆకుల కంపు అన్నీ అలవాటైపోయాయి. పామ్ చెట్ల పిచ్చితో నెలకో ఆదివారం దిగబడే పామ్ క్లబ్బు వాళ్ల అత్తరు కంపు మాత్రం చివరిదాకా అలవాటు కాలేదు.

చెప్పాల్సింది వాళ్ల గురించి కాదు, మా బావ గురించి. మా అక్క భర్త. ఇరవయ్యో ఏట కుండీలు మోయడానికి ఆ నర్సరీలో చేరాడు. ఇప్పుడు యాభై మూడు. ఇప్పటికీ కుండీలే మోస్తాడు. కాకపోతే ఏ కుండీలో ఏ గింజ ఉందో ఆయన్ని అడక్కుండా యజమాని కూడా చెప్పలేడు. నోట్లో నాలుక లేని మనిషి. కూర మాడినా తినేస్తాడు, ఉప్పు మరిచినా తినేస్తాడు. "ఈయన నోట్లోంచి మాట రావాలంటే ముందు రెండు చెంబులు నీళ్లు పోయాలి" అని అక్క దెప్పుతూ ఉంటుంది. నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది. ఒకే ఇంట్లో ఇద్దరం ఎలా ఇమిడామో ఆ దేవుడికే తెలియాలి.

ఆ నర్సరీకి పేరు తెచ్చింది కింగ్ పామ్‌లు, చూడ్డానికి పోకచెట్ల లాంటివి. నున్నటి కాండం, దాని మీద ఉంగరాల్లాంటి గీతలు, పైన మట్టల మొదళ్లన్నీ కలిసి కాండాన్ని చుట్టుకున్న నిగనిగలాడే డొప్ప. వాటిలో మూడు రకాలు పెంచేవాళ్లం. ఒకదాని ఆకు అడుగున వెండిపూత ఉంటుంది, గాలి వీస్తే తళుక్కుమంటుంది. ఇంకోదాని ఆకు రెండు వైపులా పచ్చగానే ఉంటుంది కానీ పువ్వు లేత వంగపండు రంగు, చలికి కూడా కాస్త ఓర్చుకుంటుంది. మూడోదాని డొప్పే ఊదారంగు. అది పెరగాలంటే చూసేవాళ్లకి ముసలితనం వచ్చేస్తుంది.

ఈ మూడింటిలో ఏది గొప్పది అన్నది క్లబ్బు వాళ్ల ఏళ్లనాటి తగువు. అధ్యక్షుడు ఎప్పుడూ సిల్కు చొక్కాలోనే వస్తాడు కాబట్టి నేను ఆయనకు ఆ పేరే పెట్టుకున్నాను. ఆయనది వెండి పార్టీ. జేబులో భూతద్దం పెట్టుకు తిరిగే రిటైర్డు లెక్చరరు ఒకాయన ఉన్నాడు, ఆయనది పూల పార్టీ.

"వెండాకు ముందు ఏదైనా దిగదుడుపే" అంటాడు సిల్కు చొక్కా.

"పువ్వు చూడని వాడికి చెట్టెందుకండీ, ఇనపస్తంభం పాతుకోవచ్చు" అంటాడు భూతద్దం.

గంటల తరబడి ఇదే గోల. ఇంతా చేసి సిల్కు చొక్కా ఇంట్లో వెండాకు చెట్టు నిలువునా ఎండిపోయింది. సెలవులకు వెళ్తూ నీళ్లు పెట్టమని ఎవరికీ చెప్పలేదట. ఆ ఎండుకట్టె పట్టుకొచ్చి, నాసిరకం అంటగట్టామని నా బల్ల మీద పడేసి, కొత్తది ఉచితంగా పట్టుకుపోయాడు. సిగ్గూ శరం ఉంటే కదా.

ఓసారి భూతద్దం మా బావను అడిగాడు, "నీకేది ఇష్టమయ్యా?"

"ఏది ఇష్టమో తెలీదండి. ఏది దాహంగా ఉందో చెప్పమంటే చెబుతాను" అన్నాడు బావ.

అందరూ నవ్వారు. కానీ ఆయనకేది ఇష్టమో నాకు తెలుసు. పందొమ్మిదేళ్ల కిందట ఊదారకం గింజలు ఇరవై నాటితే మొలిచింది ఒక్కటే. నర్సరీకి సెలవిచ్చినప్పుడల్లా ఆ కుండీని చంకనెత్తుకుని ఇంటికి తెచ్చేవాడు. "సవతి వచ్చిందే" అని అక్క తలుపు తీసేది. కుండీకి పట్టనంత అయ్యాక దాన్ని నర్సరీ గేటు పక్కన నేలలో పెట్టాడు. కాండం మనిషికంటే ఎత్తు పెరిగింది కానీ ఒక్కనాడూ పూయలేదు.

ఆ నర్సరీలో ఒక పాడు అలవాటు ఉండేది. క్లబ్బు ఆదివారం పొద్దున్నే కొందరు పనివాళ్లు కింగ్ పామ్‌ల పై డొప్పలు ఒలిచేసేవాళ్లు. పాత డొప్ప ఊడితే కింద కొత్త డొప్ప రంగు పచ్చిపచ్చిగా మెరుస్తుంది, కొనేవాడి కన్ను చెదురుతుంది. రెండు వారాలకు ఆ మెరుపు పోతుంది, అప్పటికి సరుకు వాడింట్లో ఉంటుంది. బావ మాత్రం ఏ చెట్టునీ ఒలిచేవాడు కాదు. "ఊడాల్సిన రోజు దానికి తెలుసు" అనేవాడు.

కిందటేడు యజమాని బావను పిలిచి తేల్చి చెప్పాడు. "పందొమ్మిదేళ్లయింది, పువ్వు లేదు, గింజ లేదు. నెలాఖరులోగా పూగెల వేస్తే గింజలిచ్చే తల్లిచెట్టని ఉంచుతా. లేకపోతే ఒక హోటలాయన అడుగుతున్నాడు, తవ్వి ఇచ్చేస్తా."

బావ సరేనన్నాడు. ఆ రాత్రి అన్నం కెలికి లేచిపోయాడు. అంతకు రెండేళ్ల ముందు ఆ చెట్టు పూస్తుందని నమ్మి, రాబోయే మొక్కలకు పేర్ల చీటీలు కూడా రాసి పెట్టుకున్నాడు. పూయలేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని నర్సరీ అంతా ఏడిపించింది. ఆ జట్టులో నేనూ ఉన్నాను.

నెలాఖరుకు పది రోజులుందనగా క్లబ్బు ఆదివారం వచ్చింది. ముందురోజు బావ నా బల్ల దగ్గరికొచ్చి, "రేపు గేటు చెట్టు జోలికి ఎవర్నీ పోనీకు" అన్నాడు.

"ఎందుకు?"

"ఊరికే."

ఆ 'ఊరికే' అంటే నాకు ఒళ్లు మంట. ఇరవై ఏళ్లుగా మా ఇంట్లో ప్రతి ప్రశ్నకూ అదే జవాబు.

మర్నాడు పంపు చెడిపోతే బావ వెనక షెడ్డులో ఉన్నాడు. క్లబ్బు వాళ్లు గేటు దగ్గర ఆగారు. హోటలాయన కూడా వచ్చాడు. యజమాని చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

సిల్కు చొక్కా తలెత్తి చూసి, "దీన్ని ఊదా అంటారా? ఎండిపోయిన వంకాయ తొక్కలా ఉంది" అన్నాడు.

"మురికి పట్టిన గొట్టం" అన్నాడు భూతద్దం. యజమాని కూడా వాళ్లతో కలిసి ఇకిలించాడు.

నాకు కోపం నషాళానికి అంటింది. ఒక్క చెట్టుకు నీళ్లు పోయడం చేతకాని వాడు మా బావ పందొమ్మిదేళ్ల చెట్టుకు వంక పెడతాడా. దీని అసలు రంగు చూస్తే వీళ్ల నోళ్లు మూతపడతాయి, నలుగురూ మెచ్చుకుంటే యజమానికి అమ్మబుద్ధి కాదు, అనుకున్నాను. అక్షరాలా అలాగే అనుకున్నాను. స్టూలు తెచ్చి వేసుకుని ఎక్కాను. పై డొప్ప అంచులోకి బొటనవేలి గోరు దింపి లాగాను. రాలేదు, ఇంకా పచ్చిగా ఉంది. రెండు చేతులా పట్టుకుని గుంజాను. చిత్తడి చప్పుడుతో చీలి కిందపడింది. దానితోపాటు తెల్లగా, తడితడిగా ఇంకేదో కూడా పడింది.

కింద డొప్ప రంగు నిజంగానే బ్రహ్మాండంగా ఉంది. చప్పట్లు కొట్టారు. ఫోన్లు తీశారు. యజమాని అందరికంటే గట్టిగా కొట్టాడు.

"ఇదే నాక్కావాలి" అన్నాడు హోటలాయన.

సిల్కు చొక్కా ఆ తెల్లటిదాన్ని తొక్కి, "ఛీ, జిగురు" అని చెప్పును గడ్డికి రుద్దుకున్నాడు.

అప్పుడొచ్చాడు బావ. చెట్టు వైపు చూశాడు. నా చేతుల వైపు చూశాడు. వంగి ఆ తెల్లటిదాన్ని రెండు చేతులతో ఎత్తుకున్నాడు.

"ఏంటది?" అని అడిగాడు యజమాని.

"కుళ్లిన మట్టండి" అన్నాడు బావ. దాన్ని బకెట్లో పెట్టుకుని షెడ్డులోకి వెళ్లిపోయాడు. నేను వెనకే పరిగెత్తాను.

బకెట్లో ఉన్నది మట్ట కాదు. మూరెడు పొడవు తెల్లటి తొడుగు, చెప్పు తొక్కిన చోట చిట్లి, లోపల దువ్వి పెట్టినట్టు సన్నటి పోగులు. "పూగెల" అన్నాడు బావ. కింగ్ పామ్ పూగెల డొప్ప చాటున పెరుగుతుందట. డొప్ప తనంతట తాను ఊడిన రోజున బయటపడి విచ్చుకుంటుందట. డొప్ప అడుగున ఉబ్బు కనిపించినప్పటినుంచి రోజూ పొద్దున్నే వచ్చి తడిమి చూసుకుంటున్నాడట.

"మరి అది ఆయనకు చూపించు బావా. పూసినట్టే కదా, చెట్టును ఉంచేస్తాడు."

"చూపిస్తే ఎవరు తెంపారంటాడు. చెట్టును ఉంచి నిన్ను పంపిస్తాడు."

నిజమే. వెండాకు చెట్టు గెల విరిచిందని ఒకావిణ్ణి అదే పూట ఇంటికి పంపిన మనిషి. తాను చప్పట్లు కొట్టిన సంగతి ఆయనకు గుర్తుండదు.

"ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నాను. ఇంకా ఆయన్నే తప్పుపట్టే నోరు నాది.

"చెబితే నువ్వు రోజుకు పదిసార్లు చూస్తావు. నువ్వు చూస్తే అందరూ చూస్తారు."

నేనే వెళ్లి యజమానితో నిజం చెప్పొచ్చు. పదడుగుల దూరంలో ఉన్నాడు. క్లబ్బును తిట్టడానికి పెగిలే నోరు ఆ పదడుగులకు పెగల్లేదు. గోట్లో ఇరుక్కున్న పీచు రెండు రోజులు పోలేదు, ఆ చేత్తో అన్నం తినాలంటే అసహ్యం వేసింది.

గురువారం చెట్టును తవ్వారు. వేళ్ల చుట్టూ మట్టి రాలకుండా గోనె బావే కట్టాడు. రోజూ నీళ్లు పెట్టమని, డొప్ప తనంతట తాను ఊడేదాకా ముట్టుకోవద్దని హోటలు వాళ్లకు రెండుసార్లు చెప్పాడు. లారీ వెళ్లాక గుంతను పూడ్చి, చేతులు కడుక్కుని, గింజల పనిలో కూర్చున్నాడు.

నాలుగు నెలల తర్వాత నా బల్ల మీద ఫోను మోగింది. హోటలాయన. గొంతునిండా సంతోషం.

"మీ చెట్టుకు డొప్ప కింద కంతి లేచిందమ్మా. రోగమేమోనని ఒలిచి పారేశాం. లోపల తెల్లగా ఏదో ఉంటే అది కూడా పీకించేశా. ఇప్పుడు రంగు చూడాలి, అబ్బో. ఆ రోజు మీరు స్టూలెక్కి ఒలిచారు చూడండి, అలాగే చేయించాను. మీ దగ్గర నేర్చుకున్నదే."

ఫోను పెట్టేశాను. ఎదురుగా బావ మట్టి కలుపుతున్నాడు.

"ఎవరు?" అన్నాడు.

దాచలేదు. "హోటలాయన. చెట్టు మళ్లీ గెల వేసిందట. ఒలిచి పారేశారట. నా దగ్గరే నేర్చుకున్నారట."

బావ చేతులు మట్టిలోనే ఆగిపోయాయి.

"అయితే బతికిందన్నమాట" అన్నాడు.

నన్ను తిట్టి ఉంటే అక్కడే కూర్చునేదాన్ని. లేచి యజమాని గదిలోకి వెళ్లి మొదటి గెల సంగతీ, రెండో గెల సంగతీ పూసగుచ్చినట్టు చెప్పాను. అనుకున్నట్టే నన్ను ఆ పూటే పంపేశాడు. కానీ గింజ మీద ఆశ పుట్టింది కదా, హోటలు వాళ్లతో మాట్లాడి వారానికోసారి బావను ఆ చెట్టు దగ్గరికి పంపుతున్నాడు.

ఇప్పుడు ఒక బేకరీలో బిల్లులు రాస్తున్నాను. అక్కడా మనుషులు అలాంటివాళ్లే, తినకుండానే రుచుల మీద తగువులాడతారు.

నిన్న బావ హోటలు నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, కంచం ముందు కూర్చున్నాడు. అడక్కుండా నోరు విప్పడం నేను చూసింది అదే మొదటిసారి.

"ముందు నీకే చెబుతున్నా" అన్నాడు నాతో. "మళ్లీ ఉబ్బింది."

నేను చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాను.