రీబూట్ అయ్యాకే టీ

జిరాక్స్ మిషన్ లోంచి అప్పుడే బయటికొచ్చిన కాగితానికి ఒక వాసన ఉంటుంది. వేడివేడిగా, కాస్త కాలినట్టు. ఇవాళ పొద్దున అమీర్‌పేట మెట్రో కింద ఆ వాసన నా చేతుల్లోకి వచ్చింది. ఉద్యోగం పర్మనెంట్ అయిందని ఆఫీసు పంపిన లెటర్ ఫోన్‌లోనే ఉంది. కానీ మా బాపు ఫోన్‌లో చూపించేవేవీ నమ్మడు, కాగితం కావాలి. ప్రింట్ తీయించి అక్కడే నిలబడి మూడుసార్లు చదువుకున్నాను. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు, ఆఫీసు లెటర్ అందుకున్నదీ నేనే మొదలు. ఆగలేక షాపతనికి కూడా చెప్పేశాను. "మస్తు చెల్లె! మరి స్వీట్లేవి?" అన్నాడు. నవ్వుతూనే తలెత్తి చూశాను, ఎదుటి గల్లీలో రెండో అంతస్తు కిటికీ కనిపించింది. ప్రమీల మేడమ్ క్లాసు అక్కడే ఉండేది. మేం ఆవిడ నోట్సును ఇదే షాపులో ఇలాగే వేడివేడిగా తీయించుకుని మెట్లెక్కేవాళ్లం.

మేడమ్‌ది తెనాలి వైపు. చాలా ఏళ్లు సర్వర్లు చూసుకునే ఉద్యోగం చేసి, మానేసి, పదిహేను కుర్చీల గదిలో, ఆ సర్వర్లను నడిపే లినక్స్ చెప్పేవారు. ఎంత చిక్కులో పడినా మా కీబోర్డు ముట్టుకునేవారు కాదు, చేతులు వెనక్కి కట్టుకుని పక్కన నిలబడేవారు. ఆ కంప్యూటర్లలో ఒక కాపలా ఉంటుంది. ప్రతి ఫైలుకీ ఒక లేబుల్, ప్రతి ప్రోగ్రాంకీ ఒక లేబుల్. ఏ లేబుల్ ఏ లేబుల్‌ని ముట్టుకోవచ్చో నియమాల్లో ముందే రాసి ఉంటుంది. రాసి లేకపోతే మిషన్ సొంతదారైనా గుమ్మం బయటే. ఏ పని ఆగినా ముందు ఆ కాపలానే బంద్ చేసేయడం చుట్టుపక్కల అందరికీ అలవాటు. నేనూ ఓ స్నేహితురాలి దగ్గర ఆ ఒక్క కమాండ్ నేర్చుకుని, మొదటి రోజే మేడమ్ ముందు గొప్పగా కొట్టాను.

"తాళం తియ్యడం రాలేదని తలుపే పీకేస్తావేంటమ్మా లావణ్యా?" అన్నారు.

గది మొత్తం నవ్వింది. ఆవిడ నవ్వలేదు. కాపలా ఎవరినైనా ఆపినప్పుడు లాగ్ అనే చిట్టాలో ఒక లైను రాసిపెడుతుంది, దాన్ని పైకి చదవమన్నారు. నాకు ఇంగ్లీషు అంతగా రాదు మేడమ్ అంటే, "ఇంగ్లీషు ఎవరడిగారు? ఎవరొచ్చారు, ఏం చేయబోయారు, దేని మీద? ఈ మూడూ చెప్పు చాలు" అన్నారు. నిజానికి ఆ పని నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే. ఆసుపత్రి చీటీ అయినా, కరెంటాఫీసు నోటీసు అయినా ఇంట్లో పైకి చదివి వినిపించేది నేనే. కంప్యూటర్ కూడా నోటీసులే రాస్తుందని ఆ రోజు తెలిసింది. సగం భయం అక్కడే పోయింది.

ఆవిడకు ఇంకో పద్ధతి ఉండేది. పని అయిందని చెప్తే సరిపోదు. మిషన్ రీబూట్ చేసి, అంటే ఆపి మళ్లీ వేసి, అది లేచాక కూడా ఆ పని నడిస్తేనే టీ ఫ్లాస్కు మూత తీసేవారు. ఒకరోజు ఫ్యాను వేగం చదివే చిన్న ప్రోగ్రాం ఇచ్చారు. కాపలా దాన్ని ఆపుతోంది. లైను చదివాను, ఫ్యాను ఫైలుకు ఉండాల్సిన లేబుల్ లేదని పట్టుకున్నాను, కమాండ్‌తో లేబుల్ అంటించాను. నడిచింది! అందరూ చప్పట్లు కొట్టారు. ఆ సంబరంలో నేనే ఫ్లాస్కు తీసి గ్లాసు నింపుకున్నాను. మేడమ్ స్విచ్చి ఆపి మళ్లీ వేశారు. లేబుల్ మాయం. మళ్లీ అంటించాను, మళ్లీ మాయం. మూడోసారి కూడా అంతే. గ్లాసులో టీ చల్లారిపోయింది.

"ఆ ఫ్యాను ఫైలున్న ఫోల్డరు డిస్కులో ఉందనుకుంటున్నావా? అది మిషన్ లేచినప్పుడల్లా కొత్తగా పుడుతుంది. ఇంటికెళ్లి మీ నాన్నగారికి అర్థమయ్యేలా చెప్పిరా. అప్పుడు నీకూ అర్థమవుతుంది" అన్నారు.

మా బాపు సిరిసిల్ల నుంచి వచ్చిన టైలర్. మేం ఉండేది బోరబండలో, ఆయన పని కృష్ణానగర్‌లో, సినిమాలకు బట్టలు కుట్టడం. ఆ సాయంత్రం జూనియర్ ఆర్టిస్టులకు ఖాకీ చొక్కాలు కుడుతున్నాడు. పక్కన కూర్చుని నా గోడు చెప్పుకున్నాను. ఆయన కుట్టుమిషన్ తొక్కడం ఆపలేదు.

"అంటే సెట్టు ఇల్లన్నట్టు. పొద్దుగాల కడ్తరు, షూటింగ్ అయినంక పీకేస్తరు."

"ఆ బాపు, గట్లనే."

"మరి గా దర్వాజకు నువ్వు పేరు బోర్డు కొట్టొస్తివి. రేపు మళ్ల కొత్త దర్వాజ పెడ్తరు. నీ బోర్డు యాడుంటది బిడ్డా? బోర్డు గాదు, ఆర్ట్ డైరెక్టర్ డ్రాయింగుల రాపియ్యాలె."

మర్నాడు ఈ మాట చెప్తే మేడమ్, "మీ నాన్నగారు ఏం చదువుకున్నారమ్మా?" అన్నారు. నాలుగో తరగతి అని కాస్త తల దించుకుని చెప్పాను. "తల ఎందుకు దించుతావు? ఇన్నేళ్లుగా చెప్తున్నాను, నాకు ఇంత తేలిగ్గా చెప్పడం రాలేదు" అని బోర్డు మీద రాశారు: సెట్టు ఇల్లు, లావణ్య నాన్నగారు. ఆ తర్వాత ప్రతి బ్యాచ్‌కీ ఆ మాట ఆయన పేరు మీదే చెప్పారు. కంప్యూటర్‌కు డ్రాయింగు అంటే నియమాలే. ఫ్యాను ఫైలు ఎప్పుడు పుట్టినా ఫలానా లేబుల్‌తోనే పుట్టాలని ఆ రోజు నియమాల్లో రాశాను. "ఆ ఒక్క ఫైలుకే రాయి, ఇల్లంతా ఇచ్చెయ్యకు" అని వెనక నుంచి హెచ్చరించారు. రీబూట్ చేశాం. ఫ్యాను వేగం తెర మీదికి వచ్చింది. మేడమ్ ఫ్లాస్కు మూత తీశారు.

పోయిన వారం పంజాగుట్ట ఆఫీసులో నా ఆరు నెలల ప్రొబేషన్‌కు ఆఖరి పనిగా ఒక టికెట్, అంటే కస్టమర్ ఫిర్యాదు, నాకు అప్పగించారు. అది కుదరకపోతే ఉద్యోగం ఉండదని ముందే చెప్పారు. కస్టమర్ సర్వర్లలో వేడిని కొలిచే ప్రోగ్రాం రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ ఆగిపోతోంది. ఎవరో ఒకరు లేబుల్ అంటించే కమాండే మళ్లీ కొడుతున్నారు. మా టీం లీడ్ కరీం భాయ్ మంచివాడే, కానీ ఆయనకూ విసుగొచ్చింది. "కాపలా బంద్ చేసి టికెట్ క్లోజ్ చెయ్ లావణ్యా. ఎందుకు పరేషాన్ అయితవ్?"

"జర రెండు గంటలు ఇయ్యి భాయ్."

లాగ్‌లో లైను పైకి చదివాను. పక్క సీట్లవాళ్లు వింతగా చూశారు. ఎవరొచ్చారు, ఏం చేయబోయారు, దేని మీద. మళ్లీ సెట్టు ఇల్లే! డ్రాయింగులో ఒక్క లైను రాశాను. ప్రోగ్రాం నడిచింది. "అయిపోయింది గదా, ఇంకేం ఫికర్?" అన్నాడు కరీం భాయ్. లేదు, రీబూట్ చేద్దాం అన్నాను. ఆ నాలుగు నిమిషాలు నల్లటి తెర ముందు నుంచి కదల్లేదు. సర్వర్ లేచింది. వేడి అంకెలు వాటంతట అవే వరసగా పడ్డాయి. ఇంకోసారి రీబూట్ చేశాను, మళ్లీ పడ్డాయి. కరీం భాయ్ నా తల మీద ఫైలుతో చిన్నగా తట్టాడు. నాకు నవ్వొచ్చింది.

మేడమ్ ఇప్పుడు క్లాసు మానేశారు. మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కలేరు, శ్రీనగర్ కాలనీలో ఇంట్లోనే ఉంటున్నారు. జిరాక్స్ షాపు ముందు నుంచే ఫోన్ చేశాను.

"పర్మనెంట్ అయింది మేడమ్!"

"రీబూట్ చేశావా?"

"రెండుసార్లు మేడమ్."

"అయితే టీ తాగు," అన్నారు. "నాన్నగారికి చెప్పావా? ముందు వెళ్లు."

కృష్ణానగర్‌కు ఆటోలో వెళ్లాను. బాపు కాగితం అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఈసారి మిషన్ తొక్కడం ఆపాడు. "పైకి చదువు బిడ్డా" అన్నాడు. ఎవరు రాశారు, ఏం చేశారు, ఎవరి గురించి, వరస తప్పకుండా చదివాను. ఇన్నేళ్లలో మా ఇంట్లో నేను చదివిన కాగితాల్లో భయపెట్టనిది ఇదే. బాపు కళ్లు తుడుచుకుని, "ఇంకోపారి" అన్నాడు.

మళ్లీ మొదటి నుంచి చదివాను. రెండోసారి కూడా నా పేరు అక్కడే ఉంది. అప్పుడు చాయ్ తాగాం.