నేను వాయించని పాటలు

నాట్ల సమయంలో మిర్యాలగూడలోని మా ఎరువుల దుకాణం ఊపిరి తీసుకోనివ్వదు. అలాంటి ఒక ఉదయం, యూరియా కోసం నిలబడ్డ రైతులను తప్పించుకుంటూ భుజానికి సంచీ వేసుకున్న ఒక అమ్మాయి నా ముందుకొచ్చి, "సార్, మీరు గిటార్ వాయించేవారట కదా?" అని అడిగింది. వేములపల్లి నుంచి ఏళ్లుగా నా దగ్గరకే వచ్చే రైతు ఒకాయన నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

ఆ అమ్మాయిది బెంగుళూరు. పాత పాటలను మళ్లీ రికార్డులుగా వేసే ఒక చిన్న కంపెనీలో పని చేస్తుంది. చివ్వెంల దగ్గరి పల్లెకు చెందిన నా పాత స్నేహితుడు ఒకప్పుడు తన పేరుతో పాడి విడుదల చేసిన రెండు కేసెట్లను ఇప్పుడు వాళ్లు పెద్ద నల్ల రికార్డులుగా తెస్తున్నారట. ఆ కేసెట్లు వచ్చినప్పుడు మా వైపు కొన్నవాళ్లు లేరు. ఈమధ్య ఎవరో వాటిని ఇంటర్నెట్లో పెడితే, ఎక్కడెక్కడి కుర్రాళ్లో వెతుక్కుని మరీ వింటున్నారట.

"సైకెడెలిక్ రాక్‌లో ఇలాంటి గొంతు ఇంకొకటి లేదు సార్," అంది.

కలలోలా ఎటో తేలిపోయే ఆ రకం పాటలకు ఒక పేరుందనే మేం వాయించే రోజుల్లో మాకు తెలియదు. అప్పట్లో మేముండే సూర్యాపేటలో అందరూ వాటిని పిచ్చి పాటలనేవాళ్లు.

ఆ తర్వాత ఆమె ఫోన్లో ఒక ఫొటో చూపించింది. గిటార్ పట్టుకున్న ఒక బక్కపలచటి మనిషి. "రెండు ఆల్బమ్‌లలోనూ గిటార్ ఈయనదే. ఊరు కోదాడ. ఈయన వాయించిన తీరు వింటుంటే ఒళ్లు జలదరిస్తుంది సార్. మీరు అంతకు ముందు ఆర్కెస్ట్రాలో కదా? అప్పటి ఫొటోలుంటే ఇస్తారా?"

వెతుకుతానన్నాను. ఆమె వెళ్లిపోయాక ఒక రైతుకు అడిగిన మందు బదులు ఇంకోటి ఇచ్చి తిట్లు తిన్నాను.

నా స్నేహితుడిది గొర్లు కాసుకునే కుటుంబం. చిన్నప్పుడు గుట్టల్లో దూరంగా పోయిన మందను పిలిచి పిలిచి తయారైన గొంతు అతనిది. వణుకు ఉండదు, తొందర ఉండదు. హైదరాబాదులో చదివేటప్పుడు హాస్టల్లో ఎవరో ఇంగ్లీషు రికార్డులు వినిపిస్తే అతని తల తిరిగిపోయింది. వచ్చి మా సూర్యాపేట ఆర్కెస్ట్రాలో చేరాడు. ఇద్దరం ఒకే కిరాయి గదిలో ఉండేవాళ్లం. పెళ్లిళ్లలో సినిమా పాట మొదలుపెట్టి, మధ్యలో ఒక్క మాటను పట్టుకుని సాగదీసుకుంటూ ఎటో వెళ్లిపోయేవాడు. తబలా ఆగిపోయేది. కీబోర్డు వాయించేవాడు నవ్వేవాడు. పెళ్లికూతురి తండ్రి కోపంగా లేచి నిలబడేవాడు. అతను ఎటు పోతే అటు వెంట పోగలిగింది నా గిటార్ ఒక్కటే. ఆ సంగతి నాకు తెలుసు. అతనికీ తెలుసనుకునేవాణ్ని.

ఒకరోజు గదిలో చొక్కా తొడుక్కుంటూ అన్నాడు. "కోదాడల ఒకాయన ఉన్నడంట రా. గిటార్ తోని ఉరుములు తెప్పిస్తడంట. పోయి ఇనొస్త."

వినడానికి పోయినవాడు అక్కడే ఉండిపోయాడు. కోదాడ మనిషికి విజయవాడలో తెలిసిన స్టూడియో ఉంది. కొన్నాళ్లకు నేను కోదాడ బస్టాండ్‌లో బస్సు కోసం ఆగి పక్కనున్న కేసెట్ల కొట్టు వైపు చూస్తే, అద్దం వెనక నా స్నేహితుడి ముఖం కనిపించింది. అడిగి చేతిలోకి తీసుకున్నాను. వెనక్కి తిప్పాను. గిటార్ అన్న మాట పక్కన ఆ కోదాడ పేరు. మనసిచ్చిన మనిషికి పెళ్లయిందని దారిన పోయేవాళ్లు చెబితే ఎలా ఉంటుందో అలా ఉంది. కేసెట్ తిరిగి ఇచ్చేసి బస్సెక్కాను. రెండోది వచ్చిందని విన్నాను కాని చూడలేదు.

అవి అమ్ముడుపోలేదని తెలిసిన రోజు సంతోషంతో రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను. అతను పాడటం మానేసి ఊరికి వెళ్లి గొర్లు చూసుకోవడం మొదలుపెట్టాడు. పెళ్లిళ్లలో, చావుల్లో కలిసేవాళ్లం. వానల గురించి మాట్లాడుకునేవాళ్లం.

అందుకే ఆ పాటలను నేను మొదటిసారి విన్నది బెంగుళూరు అమ్మాయి వచ్చి వెళ్లాకే. ఫోన్లో పెట్టి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. మళ్లీ విన్నాను.

"ఏందయ్యా, పొద్దుగాల సంది గదే ఇంటున్నవ్. బాగున్నదా?" అంది మా ఆవిడ.

"ఏం బాగు."

"మరి అన్నం సల్లారిపోతున్నా అవి చెవులకెల్లి తీస్తలేవు?"

ఆమెకు చెప్పలేదు. కిరాయి గదిలో ఉన్నప్పుడు నేనొక వరస కట్టాను. స్నేహితుడు స్నానం చేస్తూ కూడా దాన్ని కూనిరాగం తీసేవాడు. అది ఈ పాటల్లో ఎక్కడో దొరుకుతుందని వెతికాను. దొరికితే నా వరస దొంగిలించారని ఊరంతా చెప్పొచ్చు. రెండు ఆల్బమ్‌లూ ఆసాంతం వెతికాను. నాది ఒక్క స్వరం కూడా లేదు. ఆ గిటార్ నాలాగా అతని వెంట పోవడం లేదు. ముందు నడుస్తోంది. ఆ గొంతే దాని వెంట వస్తోంది. ఆ పూట అన్నం తినలేకపోయాను.

నాట్లు అయిపోయాక నా స్నేహితుడు బైకు మీద దుకాణానికి వచ్చాడు. గడ్డం తెల్లబడింది. బస్తాల మీద కూర్చుని చాయ్ తాగాడు.

"సూర్యాపేటల ఫంక్షన్ పెడుతున్నరు. రికార్డులు ఇడుదల చేస్తరంట. నన్ను పాడుమంటున్నరు."

"మంచిదే గద. పాడు."

"కోదాడాయనకు పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి లేస్తలేదు." ఖాళీ గ్లాసు కింద పెట్టాడు. "నువ్వు వాయిస్తవా?"

"ఆయన వాయించేది నాకెట్ల వస్తది?"

"పోయి నేర్చుకో. నీకు తప్ప ఎవలికీ రాదు."

ఆ చివరి మాట కోసం నేను ముప్పై ఏళ్లు ఎదురుచూశాను. తీరా అది ఇంకొకడి చేయి పడిపోయాక వచ్చింది. కోపం వచ్చింది. అయినా సరేనన్నాను.

మరుసటి ఆదివారం గిటార్ తీసుకుని కోదాడ వెళ్లాను. ఫొటోలోని బక్కమనిషి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎడమ చేయి ఒళ్లో పడుకోబెట్టి ఉంది. మర్యాదస్తుడు.

"రండి, కూర్చోండి. మీదీ సూర్యాపేటేనా? ఆయనతో ఎప్పట్నుంచి పరిచయం?"

"మేమిద్దరం కలిసి వాయించినం. మీకంటె ముందు," అన్నాను.

"అలాగా! మీ గురించి ఎప్పుడూ చెప్పలేదండీ."

అతని ముఖంలో ఏ కల్మషమూ లేదు. అన్నేళ్లు నేను రోజూ ఎవరితో పోటీ పడ్డానో, ఆ మనిషికి నేనొకణ్ని ఉన్నానని కూడా తెలియదు. లేచి వచ్చేద్దామనిపించింది. ఆయన భార్య కాఫీ తెచ్చింది కాబట్టి కూర్చున్నాను.

నేను పాట వాయించాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. మళ్లీ వాయించాను. "స్వరాలు సరిగ్గానే ఉన్నాయండీ. మీటే దెబ్బ అది కాదు," అన్నాడు. నోటితో చెప్పి చూశాడు. నాకు అర్థం కాలేదు. చివరికి కుర్చీ నా పక్కకు జరిపించుకుని, "మీరు గిటార్ మెట్ల మీద వేళ్లు పెట్టండి. నేను మీటుతాను," అన్నాడు.

గిటార్ ఇద్దరి మోకాళ్ల మీద నిలిచింది. నా ఎడమ చేయి, ఆయన కుడి చేయి. ఆయన తీగను కొట్టి, మోగుతుండగానే అరచేతితో సగం నొక్కి వదిలాడు. రికార్డులో విన్న ఆ ఉరుము నా వేళ్ల కింద నుంచి లేచింది. వంటగదిలో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఆయన భార్య గుమ్మంలోకి వచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జబ్బు చేశాక ఆ ఇంట్లో ఆ మోత వినిపించడం అదే మొదటిసారి అనుకుంటాను. నా ఒళ్లు జలదరించింది. అసూయతోనే జలదరించింది. ఆ చేయి నాకుంటే ఎంత బాగుండేదో అనుకున్నాను.

ఫంక్షన్ దాకా వారం వారం వెళ్లాను. కొంత వచ్చింది, అంతా రాలేదు.

సూర్యాపేట హాల్లో ముందు వరుసల్లో హైదరాబాదు నుంచి వచ్చిన కుర్రాళ్లు, వెనక గొంగళ్లు భుజాన వేసుకున్న నా స్నేహితుడి చుట్టాలు. కోదాడ మనిషిని వేదిక పక్కనే కుర్చీలో కూర్చోబెట్టారు. మొదటి పాటలు నేర్చుకున్నట్టే వాయించాను. చివరి పాటలో నా స్నేహితుడు ఉన్నట్టుండి పదాలు వదిలేశాడు. కళ్లు మూసుకుని, మందను పిలిచే పిలుపు ఎత్తుకున్నాడు. అది రికార్డులో లేదు. కోదాడలో నేర్చుకున్నదేదీ దానికి పనికిరాలేదు. నేను ఏమీ ఆలోచించకుండా, పెళ్లిళ్లలో పోయినట్టే అతని వెనక పోయాను. వెనక వరుసల్లో ముసలివాళ్లు లేచి నిలబడి తిరిగి పిలవడం మొదలుపెట్టారు. హాలంతా ఒకటే కేక.

కిందికి దిగాక నా స్నేహితుడు ముందు కోదాడ మనిషి దగ్గరకే పోయి, వంగి కావలించుకున్నాడు. నేను గిటార్ పట్టుకుని నిలబడ్డాను. అతని భుజం మీదుగా కోదాడ మనిషి నన్ను చూశాడు.

"అది నాకు రాదండీ," అన్నాడు మెల్లగా. "అక్కడ నేనైతే ఆగిపోయేవాణ్ని."

మెచ్చుకుంటూనే అన్నాడు. కాని ఆ చూపు నాకు కొత్త కాదు. రోజూ గడ్డం గీసుకుంటూ అద్దంలో చూసుకునేదే. అలాంటి చూపు ఒక్కసారి నా మీద పడితే చాలని ఇన్నేళ్లూ కోరుకున్నాను. పడ్డాక మాత్రం అక్కడ నిలబడలేకపోయాను. వెళ్లి ఆయన పక్కన కుర్చీలో కూర్చుని, మంచినీళ్లు కావాలా అని అడిగాను.

రికార్డులు వచ్చాయి. అట్ట మీద గిటార్ అన్న మాట పక్కన ఆయన పేరే ఉంది, ఉండాల్సిందీ అదే. చూసిన ప్రతిసారీ కాస్త మండుతుంది. ఆదివారాలు వీలైతే కోదాడ వెళ్తున్నాను. మా ఆవిడ ఒకసారి అడిగింది. "ఫంక్షన్ అయిపాయె గద. ఇగ దేనికి పోతున్నవ్?"

"ఆ కుడిచేతి దెబ్బ ఇంకా రాలే," అన్నాను.

నిజమే, రాలేదు. ఆయన మీటుతుంటాడు, నేను వేళ్లు మారుస్తుంటాను. మధ్యాహ్నం భోజనం చేసి నాలుగింటి బస్సుకు తిరిగొస్తాను.